స్వామికి పనికిరాని పూల గంగాళం

మా అత్తవారి మిద్దె మీద పూలు పూసేవి. అది అబద్ధం కాదు. కాకపోతే వాటిని చూసిన మనిషి లేడు. ఇంకా చీకటి ఉండగానే మా మామగారు తలస్నానం చేసి, తడిపంచెతో, ముక్కుకీ మూతికీ తువ్వాలు బిగించి కట్టుకుని, వెదురుబుట్ట పట్టుకుని మెట్లెక్కేవారు. స్వామికి పెట్టే పువ్వు వాసన పొరపాటున కూడా తన ముక్కుకు తగలకూడదని ఆ తువ్వాలు. వీధిలో పోయేవాడెవడైనా చూస్తే దొంగ దొంగ అని కేకపెట్టాల్సిన వేషం. మా ఇంట్లో మాత్రం దాన్ని భక్తి అనేవారు. పొద్దు పొడిచేసరికి మల్లె, చామంతి, నందివర్ధనం సమస్తమూ బుట్టలో పడేవి. మిద్దె మీద కాడలూ, ఆకులూ, నేనూ మిగిలేవాళ్ళం.

తిరుమల కొండ మీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. అక్కడ పూసిన ప్రతి పువ్వూ స్వామిదే. అందరికీ తెలిసిన ఆచారమే అది, దానితో నాకే పేచీ లేదు. కొండ దిగి తిరుపతి బజారుకొస్తే అదే ఆడవాళ్ళు మూరలకు మూరలు కొని జడల్లో తురుముకుంటారు. కానీ దేవస్థానంలో చిన్న ఉద్యోగం చేసి రిటైరైన మా మామగారి దృష్టిలో కొండ అలిపిరి దగ్గర మొదలుకాదు, మా ఇంటి మెట్ల దగ్గరే మొదలవుతుంది. అందుకని మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో పూసిన పువ్వు తలలో పెట్టుకున్నది లేదు. పెట్టుకోవాలంటే బజార్లో కొనుక్కోవాలి. మిద్దె నిండా మల్లెచెట్లు పెట్టుకుని బజార్లో మల్లెపూలు కొనే ఇల్లు తిరుపతి మొత్తంలో మాదొక్కటే అయివుంటుంది.

డెబ్బైల చివర్లో నేను ఆ ఇంటికి కోడలినయ్యాను. మాది చిత్తూరు. మాదీ నామాల ఇల్లే గానీ, మా నాయన నామం పండగలకి మాత్రం బయటికి తీసే రకం. మా దేవుడు కూడా అలాంటివాడే, ఏది పెడితే అది పుచ్చుకునేవాడు. మా అమ్మ పెరట్లో బీర పువ్వు పూసినా ఆయన నెత్తికెక్కేది. ఆ పెరడు చూసుకుని మా అమ్మకి కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. నా పెళ్ళయిన మరుసటి ఏడు మా పిన్నమ్మ కూతురి పెళ్ళిలో, పదిమంది ఆడవాళ్ళు కూర్చుని ఆకులు కడుగుతున్న చోట, మా అమ్మ ఒక నిట్టూర్పు విడిచింది.

"పచ్చటి పెరట్లో పెరిగిన బిడ్డని తీసకపోయి రాతి మిద్దెకిచ్చినామమ్మా. ఆడ గడ్డిపరక గూడా లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తింటిని నేను ఎన్నయినా అంటాను, మా అమ్మ అనడమేమిటి?

"ఎవురు జెప్పినారు నీకు? మా మిద్దె మీద పూలు సూస్తే నీ పెరడు సిగ్గుతో చస్తాది. వచ్చి సూడు!"

"వస్తాను మే," అంది మా అమ్మ చాలా నింపాదిగా. "పెరటాసి శనివారానికి కొండకి రావాల నేను. సూసే పోతాను."

పదిమందీ విన్నారు. నోరు నాదే, జారిందీ నాదే. పెరటాసి అంటే దసరా రోజుల్లో వచ్చే స్వామి నెల, అది రావాలంటే ఇంకా వానలు పడాలి, ఈలోగా మా అమ్మ కళ్ళు తిరిగిపోయేట్టు ఏదో ఒకటి పూయించాలి, పూయించినదాన్ని మామగారి బుట్ట నుంచి కాపాడాలి. మా ఆయనతో చెప్పుకుంటే "ఊఁ" అన్నారు. ఆయన ఇంట్లో ఉన్నా అంతే, దేవస్థానం ఆఫీసులో ఉన్నా అంతే.

మా అత్తగారు మాత్రం అటకమీదున్న పాత ఇత్తడి గంగాళం దింపించి ఇచ్చారు. ఒకప్పుడు అందులో నీళ్ళు కాచేవారట. మాట్లు వేసీ వేసీ, ఇక వేసే చోటు లేక మాట్లవాడే దండం పెట్టి పోయాడట. చెట్లకి అంతకన్నా మంచి తొట్టి ఏముంటుంది, చిల్లులు కొట్టే పని కూడా తప్పింది. అడుగున పెంకులు పరిచాను. ఎర్రమట్టి, స్వర్ణముఖి ఏటి ఇసుక, గొర్రె పెంటికలు కలిపి నింపాను. ఆ పెంటికలు చూసి మామగారు రెండురోజులు మిద్దె మీద ముఖం తిప్పుకునే నడిచారు.

ఇక ఏమి నాటాలన్నది. అప్పటిదాకా మా మిద్దె మీద చెట్లు బడిలో పిల్లల్లాగా వరసగా నిలబడి ఉండేవి. డాల్డా డబ్బాకో మల్లె, నూనె డబ్బాకో చామంతి, పగిలిన కుండకో నందివర్ధనం. ఒకదాని మొహం ఒకటి చూసేది కాదు. నాకు కావలసింది కదంబం. బజార్లో మూరల లెక్కన కట్టి అమ్ముతారే, మల్లె తెలుపు, కనకాంబరం నారింజరంగు, మధ్యలో మరువం పచ్చ, దవనం బూడిదరంగు, అన్నీ ఒక్క దారంలో. అందులో ఏ పువ్వూ నేనే గొప్ప అనదు. మరువం రెమ్మ లేకపోతే కనకాంబరం కంటికి గుచ్చుకుంటుంది, కనకాంబరం లేకపోతే మరువం ఒట్టి ఆకు. ఆ కదంబాన్ని దారం లేకుండా, బతికుండగానే, గంగాళంలో కట్టాలని నా ఆశ. మధ్యలో ఎత్తుగా చామంతి, దాని చుట్టూ కనకాంబరం, అంచుకి మరువం, దవనం. అలా నాటాను.

వానలు పడ్డాయి. మొదట అంతా పచ్చగా ముద్దకట్టింది, తరవాత ఒక సాయంత్రం చామంతులు విచ్చాయి. మరువం అంచుమీద నుంచి కిందికి వంగింది. నేను ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు, మళ్ళీ మళ్ళీ మెట్లెక్కి చూసొచ్చాను. పొద్దున లేచి చూస్తే గొర్రె మేసిన చేను. చామంతులు లేవు. మరువం కొసలు లేవు, దవనం కొసలు లేవు. స్వామి మాలలోకి ఆకు కూడా కావాలి మరి!

"మామా, ఒక్కటంటే ఒక్క కుండ వదలకూడదా?" అన్నాను. కోపం ముక్కుమీద ఉంది.

ఆయన చందనం తీస్తూ తల ఎత్తకుండా అన్నారు. "స్వామికి లేనిది మనకెందుకు తల్లీ? చెట్టు మీద వాడిపోతే ఎవురికి లాభం?"

"నా కంటికి లాభం!"

"కంటికి కావాలంటే మాలలో సూడు. ఆడే ఉండాది గదా."

మళ్ళీ మిద్దెక్కి గంగాళాన్ని తిట్టుకుంటూ చూస్తే, అందులో కనకాంబరాలు ఒక్కటి కూడా పోలేదు. అంత దోపిడీలో వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు. మా అత్తగారు గుడ్డలు ఆరేయడానికి వచ్చి ఉంటే అడిగాను.

"వాటికి వాసన లేదు గదా. మీ మామ ముట్టరు," అన్నారు ఆమె. చీర దులిపి తీగ మీద వేసి, నా వైపు చూడకుండా, "ముట్టనివి ఇంకా శానా ఉండాయి. ఆయన్నే అడుగు, సంతోషంగా చెప్తారు," అని దిగిపోయారు. ఆమె అమాయకురాలని అంతదాకా నేను అనుకుంటూ ఉండేదాన్ని.

ఆ రోజు నుంచీ సాయంత్రాలు మామగారి దగ్గర నా శిష్యరికం. మామా, బిళ్ళగన్నేరు స్వామికి పెట్టవచ్చునా? రామ రామ, శ్మశానంలో మొలిచేది! ముళ్ళగోరింట? ముల్లున్నది తేకూడదు తల్లీ. కోడిజుట్టు పువ్వు? ఆ పేరేమిటి, ఆ వాలకమేమిటి, స్వామి ముందు కోడిని కూర్చోబెడతామా? మరి పొద్దెక్కాక పూసేవి? ఆరాధన అయిపోయినాక పూస్తే దానికి యాడుండాది యోగం? ఇంకో ఇంట్లో ఇంకో మాట ఉండవచ్చు, మా ఇంట్లో శాసనం ఆయనదే. పాపం, కోడలికి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని ఆయన ఎంత మురిసిపోయారో. పక్కింటి పెద్దాయనతో "మా కోడలు పూల శాస్త్రం నేర్చుకుంటా ఉండాది" అని చెప్పుకున్నారు. నిజమే, నేర్చుకున్నాను. చామంతీ, మరువం, దవనం పీకేసి, స్వామి వద్దన్న పూలనే పేరుపేరునా తెచ్చి గంగాళంలో పెట్టాను.

మధ్యలో కోడిజుట్టు, ఎర్రటి పట్టుగుడ్డ మడతపెట్టినట్టుండే రకం. దాని చుట్టూ కనకాంబరం. దాని ముందు గులాబిరంగు బిళ్ళగన్నేరు. ఆ గులాబీ, ఈ నారింజా పక్కపక్కన పెడితే తోడికోడళ్ళలాగా పడలేదు. రెండు రోజులు చూసి, రెంటికీ నడుమ దళసరి ఆకుల కర్పూరవల్లి పెట్టాను. పిల్లలకి జలుబు చేస్తే రసం పిండి పోస్తామే, అదే. ఆ బూడిదపచ్చ మధ్యకి రాగానే ఇద్దరూ సర్దుకున్నారు. ఒక పక్కగా తెల్ల బిళ్ళగన్నేరు, మల్లె లేని లోటుకి. అంచు చుట్టూ పదిగంటల పువ్వు తీగ. సన్నటి నాచులాంటి ఆకు, ఎండ ముదిరి పది కొడితే గానీ కళ్ళు తెరవదు. మా ఇంటి పూజ ఏడింటికే అయిపోతుంది. మామగారికీ ఆ పువ్వుకీ జన్మలో ముఖాముఖి లేదు.

వారాలు గడిచే కొద్దీ గంగాళం పొంగింది. ఇత్తడి కనబడకుండా తీగ కిందికి జారింది. మామగారు చీకట్లో బుట్టతో వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఏ కాడకీ చెయ్యి చాపలేక, తువ్వాల లోపల ఏదో గొణుక్కుని మల్లెల వైపు పోయేవారు. తలుపు సందులో నుంచి చూసి నేనూ మా అత్తగారూ నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. అయితే ఒక వింత కనిపెట్టాను. ప్రదక్షిణం రోజు రోజుకీ నెమ్మదిస్తూ ఉంది. ఒకరోజు ఆయన వంగి ఒక ఎండుటాకు తీసేసి పోయారు.

పెరటాసి వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి రావలసిన మా అమ్మ, కొండకి వచ్చే జనంతో బస్సులు కిక్కిరిసిపోయి, రాత్రికి గానీ ఇల్లు చేరలేదు. చేరగానే కరెంటు పోయింది. "ఏదీ మే నీ పూల తోట?" అని లాంతరు వెలుగులో నవ్వింది. "రేప్పొద్దున సూపిస్తాను, తొందరెందుకు," అన్నాను. పది గంటలకి తీసుకెళ్ళి నిలబెట్టాలని నా ఎత్తు. మర్నాడు పెరటాసి శనివారం, మా ఇంట్లో ఏడాదికల్లా పెద్ద పూజ. నేను వంటింట్లో పులిహోర కలుపుతూ ఉండిపోయాను, ఇంకా సరిగా తెల్లారనేలేదు.

పూజగది దగ్గర మా అమ్మ గొంతు వినబడింది. పోయి చూశాను. తడితల, చేతిలో పళ్ళెం, పళ్ళెం నిండా నా గంగాళం. బిళ్ళగన్నేర్లు, కనకాంబరాలు, అన్నిటికన్నా పైన కోడిజుట్టు, నరికిన తలకాయలాగా.

"అన్నా," అంటోంది మా మామగారితో, "నీకు కన్ను ఆనేట్లు లేదు. మిద్దె మీదుండేవన్నీ కోసుకొని అంత పెద్ద గంగాళం అట్లే వదిలిపెట్టినావు. పెరటాసి శనివారం గదా, నీ పూజకి తక్కువ పడతాయని నేనే తల మీద నీళ్ళు పోసుకొని కోసకొచ్చినాను. వాసన గూడా సూడలేదు."

వియ్యంకుడు నిష్ఠాపరుడని విని, ఆయనకి సాయం చేసి పుణ్యం మూటగట్టుకుందామని వచ్చిన మనిషి. ఎంత వినయంగా నిలబడిందంటే, చిత్తూర్లో ఎవరూ నమ్మరు. నా పచ్చని గంగాళం పోయిందన్న ఏడుపు ఒకపక్క, ఇప్పుడు మా అమ్మకి జరగబోయే అవమానం ఒకపక్క. అంతకుముందు ఎదురింటావిడ గులాబీలు వాసన చూస్తూ తెచ్చిందని మామగారు గుమ్మంలోనే వెనక్కి పంపేశారు. ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇక్కడున్నవి గులాబీలు కూడా కావు. శ్మశానం, కోడి! మా అత్తగారు గోడకి ఆనుకుని చెంగు నోట్లో కుక్కుకున్నారు. నవ్వో భయమో తెలియలేదు.

మామగారు పళ్ళెం అందుకున్నారు. ఒక బిళ్ళగన్నేరు తీసి రెండువేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. నా వైపు ఒకసారి చూశారు. నేను నేర్చుకున్న శాస్త్రమంతా ఆ చూపులో ఉంది.

"తల తడుపుకొని కోసినావా చెల్లెలా?"

"అవునన్నా."

"అయితే మంచిదే," అని ఆ పువ్వు స్వామి పాదాల దగ్గర పెట్టారు. ఒక్కొక్కటే, ఒక్కొక్క నామం చెబుతూ, అన్నీ పెట్టారు. కోడిజుట్టు దగ్గర మాత్రం కొంచెం తడబడ్డారు. అది పాదాల దగ్గర నిలవదు, పటానికి గుచ్చితే ఆగదు. చివరికి దీపపు కుందె పక్కన ఆనించారు. "ఏం కళ వచ్చిందన్నా!" అంది మా అమ్మ, మొహమంతా వెలిగిపోతూ.

నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. మా అమ్మ పరువు నిలబడింది, దానికి ఆయన కాళ్ళకి దండం పెట్టాలి. కానీ స్వామి వద్దన్న పూలని స్వామి పుచ్చుకున్నాక నా గంగాళానికి ఇంక కాపలా ఏముంది? రేపటి నుంచి అదీ బుట్టలోకే. పైగా కన్నతల్లి నా మిద్దె మీద నిలబడి, నా గంగాళాన్ని రెండు చేతులా కోసి, అది ఎలా ఉందో ఒక్క మాటైనా అనలేదు. చూడనేలేదు మనిషి! ఆ రోజు కొండకి పోతూ వస్తూ నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. క్యూలో కాళ్ళు నొప్పులని అనుకుంది.

ఆదివారం చీకటితోనే లేచి మిద్దె మీద గంగాళం పక్కన నిలబడ్డాను. మామగారు వచ్చారు. మల్లెలు కోశారు, చామంతులు కోశారు. గంగాళం దగ్గరికి వచ్చారు. కొత్త బిళ్ళగన్నేర్లు మళ్ళీ విచ్చుకుని ఉన్నాయి, వాటికి సిగ్గు లేదు. నేను కొంగు బిగించి నిలబడ్డాను. ఆయన తువ్వాలు కొంచెం కిందికి లాక్కుని అన్నారు.

"నిన్న పెట్టినాను గదా అని ఈరోజూ కోస్తాననుకొన్నావా? నిన్నటివి మీ అమ్మ భక్తిగా కోసకొచ్చినవి. ఇవి నీ కంటికని నువ్వు పెంచినవి." బుట్ట సర్దుకుని మెట్లు దిగుతూ, "శిష్యురాలంట, శిష్యురాలు!" అన్నారు.

పదింటి వేళ మా అమ్మ సంచి సర్దుకుంది. పదిన్నరకి చిత్తూరు బస్సు. పోయేముందు మిద్దె చూపించమంది. ఎక్కేసరికి మామగారు అప్పటికే అక్కడున్నారు, డాల్డా డబ్బా బోర్లించుకుని గంగాళానికి ఎదురుగా కూర్చుని. తువ్వాలు భుజం మీద ఉంది. పదిగంటల పూలు ఒక్కొక్కటే విచ్చుతున్నాయి, పసుపు, రాణీరంగు, తెలుపు, గంగాళం అంచు చుట్టూ. మా అమ్మ "అయ్యో, ఇవి నిన్న కనపడనే లేదే" అంటూ చెయ్యి చాపింది.

"చెయ్యి తియ్ చెల్లెలా!"

ఆ కేకకి పక్క మిద్దె మీద కాకులు లేచాయి. మా అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఏందన్నా?"

"అవి కోసేదానికి కాదు."

"కోసేదానికి కాదా? మరి పూలెందుకు పెంచినట్లు?"

ఆయన నా వైపు చెయ్యి చూపించారు. "నన్నడిగితే నాకేం తెలుసు? కోడలుండాది, దాన్నడుగు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. "ఊరికే, సూసేదానికి," అన్నాను.

సరే అని చూశారు. మా అత్తగారు కూడా గుడ్డల నెపంతో వచ్చి చూశారు. మామగారు డబ్బా ముందుకు జరుపుకుని, వంగి, ఒక పువ్వుకి ముక్కు దాదాపు ఆనించి గట్టిగా పీల్చారు. "వాసనే లేదే!" అన్నారు, మోసపోయినవాడిలా.

"ఉంటే మీరు వదిలిపెట్టి ఉంటిరా?" అన్నారు మా అత్తగారు.

మా అమ్మ గంగాళం చుట్టూ తిరిగింది. కర్పూరవల్లి ఆకు కిందికి వేలు పెట్టి గులాబీనీ నారింజనీ మార్చి మార్చి చూసింది. "ఇది నడుమ పెట్టాలని నీకెట్ల తోచింది మే?" అంది. మళ్ళీ దూరంగా జరిగి చూసి, "అన్నీ బాగుండాయి గానీ నడిమధ్య బోడిగా ఉండాది. ఆడ ఏదైనా ఎత్తుగా, ఎర్రగా ఒకటి ఉంటే ఇంకా బాగుండు," అంది.

"ఉండింది! దాన్నెవురు కోసినారో!"

వినపడనట్టు సంచి కింద పెట్టి, పిట్టగోడ మీద కూర్చుంది. ఖాళీగా కూర్చోవడం తెలియని మనిషి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్టాండు వైపు నుంచి హారన్లు వినబడుతున్నాయి.

"అమ్మా, బస్సు పోతాది."

"పోనీ మే," అంది మా అమ్మ, గంగాళం మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంకొకటి ఉండాది."